ఎడమ మోకాలి చదువు

ఏం మేనకోడలా, మొహం అలా వెలిగిపోతోంది? ఈ పూట ఇంట్లో లైటు వెయ్యక్కర్లేదు. ఎవరో కంపెనీవాళ్ళు పిలిచారట. చదువు ఆఖరి సంవత్సరం మధ్యలో వదిలేసి వచ్చినా పరవాలేదన్నారట. పనంతా మేమే నేర్పిస్తాం, నేర్పినన్నాళ్ళూ జీతం కూడా ఇస్తాం అన్నారట. నువ్వేమో ఆ మాటకి పొంగిపోయి ఇంటికొచ్చావు, మీ నాన్న వద్దన్నాడని అలిగి తిండి మానేశావు, ఆఖరికి రాయబారం చెయ్యమని నా దగ్గరికి వచ్చావు. మామయ్య చెబితే నాన్న వింటాడని. ఇన్నేళ్ళలో మీ నాన్న నా మాట విన్నది ఎప్పుడో కాస్త గుర్తు చేద్దూ, నేనూ సంతోషిస్తాను.

సరే, కూర్చో. ఆ కుర్చీ మీద కాదు, దాని మీద నేనేమైనా పెట్టి ఉండొచ్చు. ఇటు కూర్చో. లేచి తడుముకోకు తల్లీ, ఏం పెట్టలేదు. నా మీద నమ్మకం మీ ఇంటావంటా లేదు.

నువ్వు పుట్టకముందు సంగతి. మీ అమ్మకి కొత్తగా పెళ్ళయింది. నేను టైలరింగు కోర్సులో చేరాను. రెండేళ్ళ కోర్సు. మొదటి ఏడాదంతా బ్లాకుబోర్డు మీద చొక్కా బొమ్మలు గీయడం, కాగితం కత్తిరించి కాలరు చెయ్యడం, చేత్తో కాజాలు కుట్టడం. ఇంట్లో ఉండేలాంటి తొక్కుడు మిషన్ల మీద కూర్చోబెట్టేవాళ్ళు. ఫ్యాక్టరీల్లో ఉండే పెద్ద కరెంటు మిషన్లు పక్క గదిలో తాళం వేసి ఉండేవి. అవి రెండో ఏడాదిలోనే. కిటికీలోంచి తొంగి చూస్తే ఒకదాని వెనక ఒకటి వరసగా, దుప్పట్లు కప్పుకుని పడుకున్నట్టు ఉండేవి.

అప్పుడే మీ నాన్న, అంటే మా బావ, ఒక చొక్కాల ఫ్యాక్టరీలో ట్రైనింగు మాస్టరు. ఇస్త్రీ చొక్కా, మెడలో టేపు, జేబులో రెండు పెన్నులు. మా ఇంటికొస్తే మా అమ్మ చాప తీసేసి కుర్చీ వేసేది. ఒకరోజు నన్ను పక్కకి పిలిచి భుజం మీద చెయ్యి వేశాడు. అక్కడ రెండేళ్ళు కూర్చుంటే కాగితం చేతికొస్తుంది, మా దగ్గర కూర్చుంటే పని చేతికొస్తుంది అన్నాడు. పైగా మొదటి రోజునుంచీ జీతం. నువ్వు పరాయివాడివి కాదు, నా బామ్మర్దివి, నేనే దగ్గర కూర్చోబెట్టుకుని నేర్పుతాను అన్నాడు. ఆ మాటతో నేను గాల్లో తేలుకుంటూ వెళ్ళి కోర్సు మానేసి వచ్చాను. ఇప్పుడు నీ మొహం ఎలా ఉందో అప్పుడు నా మొహం అచ్చం అలాగే ఉంది. మీసాలు తేడా.

పెద్ద రేకుల షెడ్డు అది. ఎండాకాలం పైనుంచి కాలేది, వానాకాలం చప్పుడుకి పక్కవాడి మాట వినపడేది కాదు. దారం నుసి ఎప్పుడూ గాల్లో ఎగురుతుండేది. సాయంత్రం అయ్యేసరికి అందరి కనుబొమ్మలూ తెల్లబడేవి. తాతల్లా ఇళ్ళకి పోయేవాళ్ళం.

మీ నాన్న నేర్పిన మాట నిజం. చాలా బాగా నేర్పాడు. ఒక సంగతి మాత్రం నీకు అర్థమయ్యేలా చెప్పాలి. కుట్టు మిషనులో గుడ్డని అదిమి పట్టే చిన్న ఇనుప పాదం ఉంటుంది, చూశావుగా. మూల దగ్గర గుడ్డ తిప్పాలన్నా, కుట్టు అయ్యాక గుడ్డ తియ్యాలన్నా ఆ పాదం పైకి లేవాలి. ఇంట్లో అయితే చేత్తో లేపుతారు. ఫ్యాక్టరీలో చేతులకి అంత తీరికేదీ? అందుకని బల్ల కింద అరచేతి వెడల్పున ఒక మెత్తటి దిండు వేలాడుతుంది. మోకాలితో దాన్ని పక్కకి నెడితే పాదం లేస్తుంది. వదిలేస్తే దిగుతుంది.

మా ఫ్యాక్టరీలో ఆ దిండు ఎడమవైపు ఉండేది. ట్రైనింగు గదిలో గోడకి పెద్ద బొమ్మ. కుర్చీలో కూర్చున్న మనిషి, రెండు కాళ్ళకీ ఎర్ర బాణాలు. కుడికాలు మిషను నడుపుతుంది, ఎడమ మోకాలు పాదం లేపుతుంది. మీ నాన్న బెత్తంతో ఆ బాణాల మీద కొట్టి చెప్పేవాడు, చేతులు రెండూ కష్టపడుతుంటే కాలు ఒక్కటే ఎందుకు కష్టపడాలి, ఇది శాస్త్రం, దీని వల్లే మన స్పీడు ఎవరికీ రాదు అని. నిజంగానే స్పీడు వచ్చింది. కొన్నాళ్ళకి నా కాలరు మూల దగ్గర మిషను ఆగినట్టే ఉండేది కాదు. గోడ మీద నా ఫోటో పెట్టి కింద 'మేటి చేయి' అని రాశారు. దానికి గడ్డం, కళ్ళజోడు నేనే గీసుకున్నాను. ఎవరు గీశారని ఓనరు వారం పాటు విచారణ చేశాడు. ఆ విచారణ కమిటీలో నన్నూ వేశాడు.

ఓనరు పని వచ్చినవాళ్ళని అసలు తీసుకునేవాడు కాదు. పాత అలవాట్లు మాన్పించడం కష్టం అనేవాడు. అందర్నీ కొత్తవాళ్ళనే తెచ్చి, మీ నాన్నకి అప్పగించేవాడు. జీతం పెంచమని ఎవరైనా గదిలోకి వెళితే కుర్చీ చూపించి, టీ తెప్పించి, నెమ్మదిగా ఒకే మాట అడిగేవాడు. నీకు పని నేర్పించింది ఎవరు? టీ తాగేసి వచ్చేసేవాళ్ళం. నేనూ చాలాసార్లు తాగాను. టీ మటుకు బాగుండేది.

అప్పుడు మేముండేది ఒకే గది. వంట అందులోనే, పడక అందులోనే, కిటికీ లేదు. మీ అత్త పోపు వేస్తే ఇద్దరం గుమ్మంలోకొచ్చి దగ్గేవాళ్ళం. ఆవిడ కోరిక ఒక్కటే, కిటికీ ఉన్న గది. నగా కాదు, చీరా కాదు. అలాంటి కోరిక తీర్చలేకపోతే మొగుడికి ఎంత చిన్నతనమో నీకిప్పుడు తెలీదు, నీ కాబోయేవాడిని అడుగు.

ఇంతలో మా ఇంటికి దగ్గర్లో ఇంకో చొక్కాల ఫ్యాక్టరీ తెరిచారు. అక్కడ పనిని బట్టి గ్రేడు, గ్రేడుని బట్టి జీతం. ఫస్టు గ్రేడు జీతం మాకొచ్చేదానికి ఇంచుమించు రెట్టింపు. నేను మేటి చేయిని కదా, ఫస్టు గ్రేడు నాకు కాక ఎవరికిస్తారు? మీ అత్తకి చెప్పి, గది కూడా చూసిపెట్టుకోమన్నాను. ఆవిడ అప్పుడే కర్టెను గుడ్డకి కొలతలు వేసుకుంటోంది.

పని పరీక్షకి వెళ్ళాను. లైను ఇన్‌చార్జి ఒకావిడ, కొప్పులో పెన్సిలు గుచ్చుకుని ఉంది. నేను లోపలికి వెళుతూనే, ఇప్పుడు ఏ ఫ్యాక్టరీ అని అడిగే వ్యవధి కూడా ఇవ్వకుండా, మేడమ్, గడియారం చూసుకోండి, రెప్ప వేస్తే కాలరు అయిపోతుంది, మళ్ళీ కుట్టమంటే కుట్టను అన్నాను. అందరూ నవ్వారు. బాగానే ఉంది, మొదటి నవ్వు నాదే. కూర్చున్నాను. గుడ్డ పెట్టాను. కుడికాలు నొక్కాను. మిషను జుయ్యిమంది. మూల రాగానే ఎడమ మోకాలు నెట్టాను.

గాలి.

ఇంకా గట్టిగా నెట్టాను. మోకాలు వెళ్ళి బల్లకోడుకి ఠంగున తగిలింది. పాదం లేచిందనుకుని చేతులు గుడ్డని తిప్పేశాయి, సూది పుటుక్కున విరిగింది. కొత్త సూది వేశారు. ఈసారి కంగారులో కుడి మోకాలు దేనికో తగిలి, లేవకూడని చోట పాదం లేచింది. కుట్టు గుడ్డ మీద పాములా పాక్కుంటూ పోయింది. నా ఎడమకాలు మాత్రం కింద తన పని తను చేసుకుంటూనే ఉంది, ఈగలు తోలే గుర్రం కాలులా. ఇప్పుడూ అందరూ నవ్వారు. ఆ నవ్వు నాది కాదు.

ఇన్‌చార్జి వంగి నా మొహంలోకి చూసి, "ఏమండీ, ఇంతకుముందు ఎప్పుడైనా మిషను ముట్టుకున్నారా?" అంది. వెక్కిరింపుగా కాదు, నిజంగానే అడిగింది. వెక్కిరించినా బాగుండేది.

నేను బల్ల కిందికి దూరి చూశాను. దిండు కుడివైపు ఉంది. లేచి, మీ మిషను తప్పు, దీన్ని ఎవరో అటు బిగించారు అన్నాను. హాలంతా ఒకటే నవ్వు. అక్కడి మెకానిక్కు పెద్దమనిషి, ఆయనొక్కడే నవ్వలేదు. చెయ్యి పట్టుకుని వరసంతా తిప్పి ప్రతి బల్ల కిందా చూపించాడు. అన్నిటికీ కుడివైపే. "ఇది పుట్టడమే కుడివైపు పుట్టింది బాబూ," అన్నాడు. "ఎడమకి కావాలంటే ఎవరో పనిగట్టుకుని కడ్డీ కోసి అతకాలి. అంత అవసరం ఎవరికుంటుంది?"

ఎవరి సీటు మీద ఏం పెట్టాలో ఆలోచిస్తూ బతికినవాణ్ణి నేను. నా మోకాలి పక్కన ఎవరేం పెట్టారో అన్నేళ్ళూ చూసుకోలేదు.

మర్నాడు మా ఫ్యాక్టరీలో దారం చుట్టిన బాబిన్ పడిపోయిందని చెప్పి నా బల్ల కిందికి దూరాను. కడ్డీకి అతుకు కనిపించింది, వేలితో తడిమితే గరుగ్గా. కుడివైపు పాత బెజ్జాలు లప్పంతో పూడ్చి రంగు వేసి ఉన్నాయి. పక్క బల్ల కిందికి వెళ్ళాను, అక్కడా అంతే. పక్కావిడ చీర సర్దుకుని, ఈసారి ఏం వేషం ఇది అని కసిరింది. ఉన్న సంగతి చెప్పాను. దిండు కుడివైపు ఉండాలట, మనల్ని మోసం చేశారు అన్నాను. కాలరు లైనంతా కడుపు పట్టుకుని నవ్వింది. నీ కథలు మాకు తెలీవా, పోయినసారి స్టోర్సులో ఎడమచేతి కత్తెర ఉందని మమ్మల్ని పంపించింది నువ్వే కదా అన్నారు. ఒట్టు వేశాను. ఇంకా నవ్వారు.

మధ్యాహ్నం మీ నాన్న దగ్గరికి వెళ్ళాను. ట్రైనింగు గదిలో ఒక్కడే ఉండి మిషనుకి నూనె వేస్తున్నాడు.

"బావా, ఆ దిండు మొదట కుడివైపే ఉండేది కదా."

నూనె డబ్బా కింద పెట్టలేదు. "ఎవరు చెప్పారు?"

"నా మోకాలు చెప్పింది. కొత్త ఫ్యాక్టరీకి వెళ్ళి పరువు తీసుకొచ్చాను."

లేచి తలుపు వేశాడు. అప్పుడు చెప్పాడు. మొదట్లో అన్నీ కుడివైపే ఉండేవట. పని నేర్చుకున్నవాళ్ళు నేర్చుకున్నట్టే వేరే చోట్లకి వెళ్ళిపోయేవారట. నేర్పే ఖర్చు నాది, లాభం వాళ్ళదా అని ఓనరు తల పట్టుకున్నాడట.

"ఈ ఆలోచన ఓనరుదా?"

మీ నాన్న గోడ మీద బాణాల బొమ్మకేసి చూశాడు. "ఏదైనా దారి చెప్పమని ఆయన అడిగాడు," అన్నాడు. "నేను చెప్పాను. తర్వాతే నన్ను మాస్టరుని చేశాడు."

నేను పోయి ఆ బొమ్మలో ఎడమకాలి బాణాన్ని గోటితో గీకాను. నేను, మేనకోడలా. ఇంట్లో దొంగలు పడ్డా ముందు ఒక జోకు వేసే నేను.

ఆయనే మళ్ళీ అందుకున్నాడు. "స్పీడు పెరిగిందా లేదా? అందులో అబద్ధమేమన్నా ఉందా?"

"పెరిగింది. ఆ స్పీడు గేటు దాటి బయటికి రాదని చెప్పలేదే."

"అడగలేదుగా నువ్వు."

"నేను నీ పెళ్ళాం తమ్ముణ్ణి బావా."

"అందుకేరా తెచ్చుకున్నాను. నువ్వు ఎటూ పోకుండా కళ్ళముందుంటే మీ అక్కకి ధైర్యం."

"మరి నా కోర్సు ఎందుకు మాన్పించావు?"

చాలాసేపు బల్ల తుడిచాడు. తుడిచిన చోటే తుడిచాడు. "రెండో ఏడాది పెద్ద మిషన్ల మీద కూర్చోబెడతారు," అన్నాడు. "అక్కడ దిండు ఎటుందో చూశాక వచ్చుంటే, మొదటి రోజే అడిగేవాడివి."

అంతే, ఇంకేం కావాలి? నా భుజం మీద వేసిన ఆ చెయ్యి ఉందే, నన్ను దగ్గరికి తీసుకుంటోందనుకున్నాను. ఆ పెద్ద మిషన్ల గది తలుపు తెరుచుకునే ముందే లాగేసిందని అప్పుడు తెలిసింది. గుమ్మం దాకా వెళ్ళి మళ్ళీ వెనక్కి తిరిగాను. మరి నువ్వూ ఇక్కడే పడి ఉన్నావుగా, నిన్నెవరు కట్టేశారు అని అడిగాను.

నవ్వాడు. "నాకు తెలుసు కదరా. తెలిసినవాణ్ణి ఎవరు కట్టేస్తారు? నేను ఎప్పుడు కావాలంటే అప్పుడు పోతాను."

మీ అమ్మకి ఒక్క ముక్క చెప్పలేదు. మీ ఇంటికి రావడం మాత్రం తగ్గించేశాను. నువ్వు నెలల పిల్లవప్పుడు నిన్నెత్తుకోడానికి మామయ్య ఎందుకు రాలేదని మీ అమ్మ ఇప్పటికీ సాధిస్తుంది. అదీ కారణం.

ఇంట్లో బల్ల కింద కుడివైపు ఒక దిండు వేలాడదీశాను. ఎడమకాలిని పాత తువ్వాలుతో కుర్చీకాలికి కట్టేసుకున్నాను. సాయంత్రం రాగానే కూర్చుని కుడి మోకాలు ఆడించేవాణ్ణి. మీ అత్త గుమ్మంలో నిలబడి, "ఏంటండీ ఇది?" అంది.

"చదువుకుంటున్నాను."

"ఏం చదువు?"

"కుడీ ఎడమా."

"ఇప్పటికైనా మొదలెట్టారు, సంతోషం," అని లోపలికి పోయింది. లోపలికంటే ఎక్కడికి, అదే గదిలో అటు మూలకి.

కొత్తది నేర్చుకోవడం సులువేనమ్మా. నేర్చుకున్నది వదిలించుకోవడం ఉంది చూశావూ, చర్మం ఒలిచినట్టే. సాయంత్రం కుడి మోకాలికి ఎంత చెప్పినా, పొద్దున్నే ఫ్యాక్టరీలో మళ్ళీ ఎడమ మోకాలితోనే బతకాలి. రెండూ పోట్లాడుకుని కాలర్లు పాడయ్యాయి. గోడ మీంచి నా ఫోటో తీసేశారు. ఆఖరికి ఆ పని మానేశాను. ఓనరు టీ తెప్పించి, నేర్పించింది ఎవరని మళ్ళీ అడిగాడు. ఈసారి టీ తాగలేదు.

కొన్నాళ్ళు ఇంట్లోనే కూర్చుని, కుడి మోకాలు మాట వింటోందనిపించాక మళ్ళీ కొత్త ఫ్యాక్టరీకి వెళ్ళాను. ఈసారి జోకులు లేవు. మెల్లగానే అయినా సూది విరక్కుండా కాలరు కుట్టాను. ఇన్‌చార్జి తిప్పి చూసి, శుభ్రంగా ఉందంది. కోర్సు చేసిన కాగితం ఉందా అని అడిగింది, ఉంటే సెకండు గ్రేడుతో మొదలుపెట్టొచ్చట. సగంలో మానేశానన్నాను. పోనీ అనుభవం లెక్కేసుకోండి, ఇన్నేళ్ళు కాలర్లే కుట్టాను అన్నాను. ఎక్కడ అని అడిగింది. చెప్పాను. ఆవిడ కొప్పులో పెన్సిలు తీసి బల్ల మీద పెట్టింది. "అక్కడినుంచి వచ్చినవాళ్ళని మేం కొత్తవాళ్ళ కిందే తీసుకుంటామండీ," అంది.

అంటే అందరికీ తెలుసన్నమాట, మాకు తప్ప.

అలా ఆ వయసులో లెర్నరు గ్రేడులో చేరాను. మునుపు వచ్చే జీతం కంటే తక్కువ. కిటికీ గది వేరేవాళ్ళకి ఇచ్చేశారు. మీ అత్త కర్టెనుకని తెచ్చిన గుడ్డతో నన్నే చొక్కా కుట్టుకోమంది. కుట్టుకుని అదే వేసుకుని పనికి వెళ్ళేవాణ్ణి. పువ్వుల చొక్కా.

ఏంటి, లేస్తున్నావు? మొహం ఆరిపోయిందే. కూర్చో. చేరతావో మానతావో నీ ఇష్టం, ఆ కంపెనీవాళ్ళు మంచివాళ్ళే కావచ్చు. నేర్పేదేదో గేటు బయట కూడా పనికొస్తుందా అని ఒక్క మాట అడిగి చూడు. అయితే మీ నాన్న చదువు పూర్తి చెయ్యి, పూర్తి చెయ్యి అని పొద్దున్న లేస్తే ఎందుకు గొణుగుతాడో తెలియాలంటే మిగిలింది కూడా వినాలి.

కొంతకాలం పోయాక మీ నాన్న జీతం పెంచమని ఓనరు గదిలోకి వెళ్ళాడట. నువ్వు పుట్టావు, ఖర్చులు పెరిగాయి. ఇన్నేళ్ళు మీకు మనుషుల్ని నిలబెట్టింది నేనే కదా అన్నాడట. ఓనరు టీ తెప్పించి, నీకీ మాస్టరు హోదా ఇచ్చి ఇంత చేసింది ఎవరు అని అడిగాడట. ఇది మీ అమ్మ మీ అత్తతో చెబితే నాకు తెలిసింది. నేను లోపల్లోపల ఎంత సంతోషించానో చెప్పకూడదు. చెప్పేశాను కదా.

ఒక మధ్యాహ్నం నేను మిషను దగ్గర ఉన్నాను. పరీక్ష బల్ల నాకు ఎదురుగానే ఉంటుంది. ఎవరొచ్చారా అని తలెత్తితే మీ నాన్న. అదే ఇస్త్రీ చొక్కా, మెడలో టేపు, జేబులో రెండు పెన్నులు. తను లైనుకి రాలేదని, ట్రైనింగు మాస్టరు పనికి వచ్చానని, తన చేతి కింద ఎందరో తయారయ్యారని చెబుతున్నాడు. ఇన్‌చార్జి అన్నీ విని, సరే మాస్టారూ, ముందు ఒక కాలరు కుట్టి చూపించండి అంది.

అప్పుడు నన్ను చూశాడు. కంగారు పడలేదు. చూస్తూ ఉండు అన్నట్టు చిన్నగా తలాడించాడు. కూర్చునే ముందు వంగి బల్ల కింద చూసుకున్నాడు. కుడివైపు దిండుని పాత స్నేహితుడి వీపు తట్టినట్టు అరచేత్తో తట్టాడు. తెలిసినవాడు కదా.

మొదటి మూల దగ్గర నెమ్మదిగా, చూసుకుని, కుడి మోకాలు నెట్టాడు. పాదం లేచింది. ఇన్‌చార్జి తల ఊపింది. మీ నాన్నకి హుషారొచ్చింది. కుడికాలు గట్టిగా నొక్కాడు. మిషను జుయ్యిమంది, చేతులు పాత స్పీడు అందుకున్నాయి. రెండో మూల వచ్చింది.

బల్లకోడు ఠంగుమంది. సూది పుటుక్కుమంది.

కొత్త సూది వేశారు. మళ్ళీ మొదలుపెట్టాడు. మళ్ళీ ఠంగు. మూడోసారి ఎడమ తొడని చేత్తో నొక్కి పట్టుకున్నాడు. అప్పుడు గుడ్డ తిప్పడానికి ఒక్క చెయ్యే మిగిలింది. కాలు ఆ చేతి కిందినుంచే ఎగురుతోంది. ఎవరి పిల్లాడో తన ఒళ్ళో కూర్చుని అల్లరి చేస్తున్నట్టు దాన్ని చూస్తూ ఉండిపోయాడు. హాలంతా నవ్వింది. దేనికైనా నవ్వేవాణ్ణి నేను, నా మిషను ఆపేసి కూర్చున్నాను, నవ్వు రాలేదు.

ఇన్‌చార్జి విరిగిన సూదులు ఏరి డబ్బాలో వేసింది. ఆవిడకి జాలేసినట్టుంది. "మీకెవరండీ ఇలా నేర్పింది?" అని అడిగింది.

మీ నాన్న మెడలో టేపు తీసి చుట్టుకుంటూ, "నాకెవరూ నేర్పలేదమ్మా," అన్నాడు. "నేనే అందరికీ నేర్పాను."